ఏలూరు రోడ్డు మాస్టార్లు



బెజవాడ నడిబొడ్డు నుంచి ఏలూరు రోడ్డు పట్టుకుని గుణదల వైపు వస్తుంటే చుట్టుగుంట దాటాక మాచవరం వస్తుంది. అక్కడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీ. ఆ చుట్టుపక్కలే మారుతీనగర్. ఇంకొంచెం ముందుకొస్తే పడవలరేవు, ఆ తర్వాత కొండ మీద గుణదల మాత. రింగురోడ్డు వైపు మళ్లితే లయోలా కాలేజీ. ట్రాఫిక్ లేకపోతే ఆటోలో ఎంతో సేపు పట్టదు. ఈ కాస్త దారిలోనే ఇద్దరు తెలుగు మాస్టార్లు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఒకరు విశ్వనాథ సత్యనారాయణ గారు. రెండోవారు, ఆయన దగ్గరే చదువుకున్న పెద్దిభొట్ల సుబ్బరామయ్య గారు. మొదటివారికి జ్ఞానపీఠం వచ్చింది, రెండోవారికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందుకని ఒకరిని కవి అనీ, ఇంకొకరిని కథకుడు అనీ తలచుకుంటాం. మంచిదే. కానీ నెల తిరిగేసరికి ఇంట్లోకి బియ్యం, పప్పు వచ్చింది పద్యం వల్లా కాదు, కథ వల్లా కాదు. పాఠం వల్ల. హాజరు పట్టీ, సుద్దముక్క, దిద్దాల్సిన పేపర్ల కట్ట, వీటితోనే ఇద్దరి జీవితాలూ గడిచాయి. ఈ పూట ఆ మాస్టార్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

విశ్వనాథ వారు 1895లో నందమూరులో పుట్టారు. మన కృష్ణా జిల్లా ఉంగుటూరు దగ్గరి పల్లె. తండ్రి శోభనాద్రి గారికి ఆస్తి ఉండేది, దానికంటే పెద్ద చెయ్యి ఉండేది. కాశీ నుంచి లింగం తెచ్చి ఊళ్లో విశ్వేశ్వరుడికి గుడి కట్టించిన మనిషి. అడిగినవాడికి లేదనకుండా ఇస్తూ పోతే చివరికి పిల్లల వంతుకు మిగిలింది లేమి. ఆ లేమిలోనే సత్యనారాయణ గారు చదువు కోసం బందరు చేరారు. బందరులో ఆయనకు దొరికిన తెలుగు మాస్టారు ఎవరంటే సాక్షాత్తూ చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరు. ఊరూరా అవధానాలు చేసి జమీందార్ల చేత ఔననిపించుకున్న కవి బందరు బళ్లో పిల్లలకు పద్యాలు చెబుతూ కూర్చున్నాడంటే ఇవాళ నమ్మబుద్ధి కాదు. పింగళి లక్ష్మీకాంతం గారు, కాటూరి వెంకటేశ్వరరావు గారు కూడా ఆయన శిష్యులే. ఒక్క పంతులు చేతి కింద నుంచి ఇంతమంది వచ్చారు.

గురువంటే విశ్వనాథ వారికి భక్తి, తనంటే తనకు గర్వం. రెండూ ఒకే పద్యంలో పట్టించిన ఘనుడు ఆయన. రామాయణ కల్పవృక్షం అవతారికలో చెళ్లపిళ్ల వారిని తలచుకుంటూ, నన్నయకూ తిక్కనకూ కూడా దక్కని భోగం మా గురువుగారికి దక్కింది, నావంటి శిష్యుడు దొరికాడు అన్న అర్థం వచ్చేలా రాసుకున్నారు. చదివినవాడు ముందు ఉలిక్కిపడతాడు, ఆ వెంటనే నవ్వుతాడు. నిజమే కదా అని ఒప్పుకునేసరికి కాస్త టైము పడుతుంది.

చదువయ్యాక బందరు జాతీయ కళాశాలలో కొలువు, ఆ తర్వాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల. సనాతన ధర్మం అంటూ జీవితమంతా వాదించిన మనిషి క్రైస్తవుల కాలేజీలో జీతం తీసుకుని తెలుగు చెప్పారు. అప్పట్లో ఇటు వాళ్లకూ అటు వాళ్లకూ ఇదేం వింతగా తోచినట్టు లేదు. 1938లో బెజవాడ వచ్చారు. ఎస్.ఆర్.ఆర్. కాలేజీ అప్పటికి పెట్టి ఏడాదే. 1937లో మొదలైంది. ఎస్.ఆర్.ఆర్. అంటే శ్రీ రాజా రంగయ్యప్పారావు గారు, ఉయ్యూరు జమీందారు. ఆ పేరు పక్కన ఉండే సి.వి.ఆర్. అంటే చుండి వెంకటరెడ్డి గారు. ఆ కొత్త కాలేజీలో చేరిన తెలుగు లెక్చరరు 1959 దాకా అక్కడే ఉన్నారు. ఇరవై ఏళ్లకు పైబడిన సర్వీసు.

ఆ ఇరవై ఏళ్లనూ కాస్త పట్టించుకోవాలి. రామాయణ కల్పవృక్షం రాయడానికి ఆయనకు దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఆరు కాండలు, పదమూడు వేల దగ్గర పద్యాలు. అందులో చాలా భాగం ఈ మాచవరం కాలేజీలో గంట కొడితే క్లాసుకు వెళ్లి, గంట కొడితే బయటికి వచ్చిన రోజుల్లో పుట్టిందే. మహాకవి అనగానే పని పాటా లేకుండా చెట్టు కింద కూర్చుని ఊహల్లో తేలే మనిషిని ఊహించుకుంటాం. ఈయనకు టైంటేబుల్ ఉంది. పరీక్షలున్నాయి. క్లాసులో వెనక బెంచీలున్నాయి. వెనక బెంచీల్లో ఎవరుండాలో వాళ్లూ ఉన్నారు.

వాళ్లలో నిమ్మకూరు నుంచి వచ్చిన ఒక అందగాడు కూడా ఉన్నాడు. పేరు నందమూరి తారక రామారావు. ఇంటర్మీడియట్ కుర్రాడు. కాలేజీ నాటకంలో ఆడవేషం వెయ్యమన్నారు విశ్వనాథ వారు. వేస్తానన్నాడు గానీ మీసం తియ్యనన్నాడు. మాస్టారి ముందు మాట మీద నిలబడ్డాడు. చివరికి మీసంతోనే నాగమ్మ వేషం వేశాడు. 'మీసాల నాగమ్మ' అన్న పేరు ఆయన వెంట ఎన్ని దశాబ్దాలు నడిచిందో మన ఊళ్లో తెలియనివాళ్లు లేరు. దీంట్లో నాకు నచ్చే సంగతి వేరే ఉంది. తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచింది కూడా పంతం కోసమే. తమను ఓడించిన కవి ఉంటే మీసాలు తీసేస్తామని ఊరూరా సవాలు చేశారు. అంటే గురువుగారి గురువుకు మీసం ఒక ప్రతిజ్ఞ. శిష్యుడి శిష్యుడి దాకా వచ్చేసరికి అదే మీసం నాటకంలో నాగమ్మకు అంటుకుంది. విశ్వనాథ వారు ఆ కుర్రాణ్ణి కోప్పడి పంపెయ్యకుండా వేషం ఇవ్వడానికి చెళ్లపిళ్ల వారి మీసాలు గుర్తొచ్చి ఉంటాయా అని నాకు సరదాగా అనిపిస్తుంది. 1969లో విశ్వనాథ వారి 'ఏకవీర' సినిమాగా వస్తే అందులో సేతుపతి వేషం వేసింది ఆ కుర్రాడే. అప్పటికి మాస్టారికి డెబ్బై దాటాయి, శిష్యుడికి ఆంధ్రదేశమంతా అభిమానులు.

విశ్వనాథ వారి క్లాసు నేను వినలేదు. వయసు చాలదు. కానీ ఆ క్లాసులో కూర్చుని వచ్చిన ఒకాయన దగ్గర నేను హైస్కూలు తెలుగు చదువుకున్నాను. ఆయన పేరు చెప్పను. పేరు పత్రికలో పడితే ముఖం చిట్లించుకునే రకం మనిషి. ఇల్లు పడవలరేవు దగ్గర. మేము 'మాస్టారు' అనేవాళ్లం, గుణదల అంతా అదే పేరు.

ఆయన పద్యం చెప్పే పద్ధతి చెబుతాను. పుస్తకాలు మూయమనేవారు. ఆయనకూ పుస్తకం ఉండేది కాదు. గజేంద్రమోక్షంలో పద్యమనుకోండి, మొదటిసారి మామూలుగా చదివేవారు. రెండోసారి ఆగాల్సిన చోట ఆగుతూ చదివేవారు, సంధి ఎక్కడ కలిసిందో ఆ ఆగడంలోనే తెలిసిపోయేది. మూడోసారి రాగం తీసేవారు. అప్పటికి ఒక్క మాటకు అర్థం చెప్పలేదు. ఆ తర్వాత మమ్మల్ని అడిగేవారు, "ఎవర్రా ఏడుస్తున్నది ఇందులో?" అని. ఏనుగు అని చెప్పేవాళ్లం. "ఎలా తెలిసింది, అర్థం చెప్పలేదుగా?" అనేవారు. చెవిలో పడిందండీ అని ముందు బెంచీవాడు అంటే, "అదీ! ముందు చెవిలో పడాలి. తర్వాత బుర్రలోకి దానంతటదే దిగుతుంది" అనేవారు. ఆ తర్వాతే ప్రతిపదార్థం, తాత్పర్యం, గణవిభజన. ఇది ఎక్కడ నేర్చుకున్నారండీ అని ఒకసారి అడిగితే చెయ్యి మాచవరం వైపు చూపించారు.

నేనూ తెలుగు పంతులునే అయ్యాను. నేనూ అలాగే చెప్పడానికి ప్రయత్నించాను. పుస్తకం మూయమంటే పిల్లలు కంగారుపడే కాలం వచ్చింది. అయినా మూయించాను.

మాస్టారికి ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. జీతం చాలీ చాలని కాలం. అయినా ట్యూషనుకు డబ్బు పుచ్చుకోలేదు. సాయంత్రం అరుగు మీద పది పన్నెండు మందిమి కూర్చునేవాళ్లం. అమ్మగారు మజ్జిగలో కరివేపాకు, ఉప్పు వేసి పెద్ద గిన్నెతో తెచ్చి పెట్టేవారు. ఇద్దరు కూతుళ్లకూ తండ్రి చెప్పే పాఠం మాతో పాటే. పెద్దమ్మాయికి పద్యం నోటికి రాకపోతే మాకంటే ముందు ఆ పిల్లకే చివాట్లు పడేవి, అది మాకు లోపల భలే సంతోషం. అరుగు మీద గోడకు ఆనుకుని ఉండే చెక్క కుర్చీలో ఆయన కూర్చుంటే రోడ్డు మీద పోయేవాళ్లు సైకిలు దిగి నడిచేవాళ్లు. భయంతో కాదు. ఎక్కి పోతే పిలిచి కుశలం అడుగుతారు, అడిగితే పావుగంట పడుతుంది, అందుకని మర్యాదగా దిగి నమస్కారం పెట్టి వెళ్లిపోవడమే లాభం.

రిటైరయ్యాక ఆయనకు దొరికిన ఉద్యోగం ఒకటుంది. జీతం లేని ఉద్యోగం. గుణదలలో ఎవరింట పెళ్లయినా శుభలేఖ అచ్చుకు ముందు ప్రూఫు ఆయన దగ్గరికి వచ్చేది. హిందువుల పెళ్లయినా, చర్చిలో పెళ్లయినా అంతే. ప్రెస్సువాళ్లే పంపించేవారు, మాస్టారు చూశారా అని. ఎర్ర సిరా పెన్నుతో వరుడి తాతగారి పేరులో పోయిన ఒత్తు పెట్టేవారు. 'ళ' ఉండాల్సిన చోట 'ల' పడితే నిజంగా బాధపడేవారు. ఒక చర్చి పెళ్లి శుభలేఖలో బైబిలు వాక్యం తప్పుపడితే పాస్టరు గారిని పిలిపించి గ్రంథం తెప్పించి సరిచూశాక గానీ ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలో తొమ్మిది, పది, పదకొండు తేదీల్లో గుణదల మాత ఉత్సవాలంటే మా ఊరు ఊరంతా జనం. కొండ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. ఆ మూడు రోజులూ మాస్టారి అరుగు ఖాళీ ఉండేది కాదు. పాత శిష్యులు పిల్లల్ని తీసుకుని కొండకు వచ్చి, దిగి వెళ్లేటప్పుడు ఈయన్ని చూసి పోయేవాళ్లు. వాళ్లు తెచ్చిన కొబ్బరి ముక్కా, కొవ్వొత్తీ రెండూ ఆయన అరుగు మీదే పెట్టేవారు. ఆయన తినేది తినేవారు, వెలిగించేది వెలిగించేవారు.

మళ్లీ విశ్వనాథ వారి దగ్గరికి వద్దాం. ఇంటి మనిషిగా ఆయన్ను తలచుకునేవాళ్లు తక్కువ. మొదటి భార్య వరలక్ష్మి గారు చిన్న వయసులోనే పోయారు. ఆ దుఃఖం నుంచి 'వరలక్ష్మీ త్రిశతి' వచ్చింది. 'వేయిపడగలు' నవల 1934లో తమ్ముడు వెంకటేశ్వర్లు గారు పక్కన కూర్చుని రాస్తుంటే ఈయన నోటితో చెబుతూ పోయారు. నెల తిరక్కుండా అయిపోయింది అంత పెద్ద నవల. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'తో పాటు బహుమతి పంచుకుంది. తర్వాత దాన్ని పీవీ నరసింహారావు గారు 'సహస్రఫణ్' పేరుతో హిందీ చేశారు. నవలలో కథానాయకుడు ధర్మారావు కూడా పాఠాలు చెప్పే మనిషే. ఉద్యోగం కష్టాలు, ఇంటి ఖర్చు, భార్య చావు, రెండో పెళ్లి అన్నీ ఉన్నాయి అతనికి. సుబ్బన్నపేట వేయిపడగల పాము పడగలు ఒక్కొక్కటే రాలిపోతుంటే ఆఖరున మిగిలింది ఏమిటని చూస్తే ఇంటి ఇల్లాలు. మిగతా నవలతో ఎవరైనా పోట్లాడవచ్చు, ఆ చివరి పేజీతో పోట్లాడటం కష్టం. ఇంటి దుఃఖం తెలిసిన మనిషి రాసిన పేజీ అది.

కల్పవృక్షం కూడా ఇంటి సంగతే. ఎన్ని రాస్తే ఏం లాభం, రామాయణం రాయమని తండ్రి అన్నారు. కొడుకు రాశారు. ఆస్తి ఇవ్వలేని తండ్రి ఒక పని అప్పజెప్పి వెళ్లాడు. ఆ పనికి 1970 జ్ఞానపీఠం వచ్చింది. తెలుగుకు అదే మొదటిది.

రిటైరైనవాళ్లు ఊరికే ఉండరని మన తాతల్ని చూస్తే తెలుసు కదా. ఈయన 1959లో ఎస్.ఆర్.ఆర్. వదిలి కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లారు. రెండేళ్ల తర్వాత తిరిగి బెజవాడ వచ్చారు. అప్పటి నుంచి ఇల్లే కాలేజీ. తాను చెబుతుంటే పక్కన ఎవరో ఒకరు రాసుకోవాలి. కొడుకు పావనిశాస్త్రి గారు అలా రాసిపెట్టినవారిలో ఒకరు. కాశ్మీర రాజవంశం మీద ఆరు నవలలు, నేపాళ రాజవంశం మీద ఆరు. 1962 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన 'విశ్వనాథ మధ్యాక్కరలు' పది శతకాలు. మధ్యాక్కర అంటే నన్నయ వాడిన పాత ఛందస్సు. పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. జనం దాదాపు మరిచిపోయిన దాన్ని పట్టుకుని వెయ్యి పద్యాలు రాశారు. అందులో సొంత ఊరు నందమూరు దేవుడి మీదా ఒక శతకం ఉంది, కరీంనగర్ దగ్గరి వేములవాడ రాజన్న మీదా ఒక శతకం ఉంది. ఎక్కడ ఉద్యోగం చేస్తే అక్కడి దేవుడితో కూడా మాట్లాడారన్నమాట.

రేడియో వినేవాళ్లకు నచ్చే పుస్తకం ఇంకొకటి ఉంది, 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'. పంచతంత్రం రాసిన విష్ణుశర్మ, తిక్కన సోమయాజి ఇద్దరూ కలలో వస్తారు. విష్ణుశర్మకు ఇంగ్లీషు నేర్చుకోవాలని కోరిక. ఆ ముసలాయనకు ఇంగ్లీషు స్పెల్లింగులు, ఉచ్చారణలు చెప్పలేక మాస్టారు పడే అవస్థ ఆ పుస్తకం. రాసినట్టు పలకదు, పలికినట్టు రాయదు, ఇదేం భాషయ్యా అని విష్ణుశర్మ నిలదీస్తుంటే చదివేవాడికి పొట్ట చెక్కలవుతుంది. విశ్వనాథ వారిని గంభీరంగా మాత్రమే తెలిసినవాళ్లు ఆ ఒక్క పుస్తకం చదవండి. క్లాసులో ఆయన ఎలా ఉండేవారో నాకు ఆ పుస్తకంలో వినిపిస్తుంది.

ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. విశ్వనాథ వారి అభిప్రాయాలు చాలావాటితో నాకు పేచీ ఉంది. కులం గురించి, కొత్త చదువుల గురించి, ఆడవాళ్ల గురించి ఆయన పట్టుదలలు గుణదలలో నిలబడి చదివితే మింగుడుపడవు. మా ఊళ్లో మిషన్ బళ్లు తలుపులు తెరిచాకే ఎన్నో ఇళ్లలోకి మొదటిసారి పలక వచ్చింది. ఆ ఇళ్ల పిల్లలు ఆయన నవలల్లో ఎక్కడో అంచున కనిపిస్తారు, లేదా కనిపించరు. మా మాస్టారిని ఇదే అడిగాను ఒకసారి, ఆయన అభిప్రాయాలు మీరు ఒప్పుకుంటారా అని. "ఆయన చెప్పిందల్లా తలూపడానికి మనం గంగిరెద్దులమట్రా? పద్యం నేర్పారు, తీసుకున్నాను. మిగతాది ఆయన ఇంట్లోనే వదిలి వచ్చాను" అన్నారు. శ్రీశ్రీ గారు కూడా జీవితమంతా ఆయనతో విభేదించారు, ఆయన పోయాక కన్నీటి కవిత రాశారు.

ఇక్కడే పెద్దిభొట్ల సుబ్బరామయ్య గారు వస్తారు. 1938 డిసెంబరు 15న గుంటూరులో పుట్టారు. ఒంగోలులో బడి చదువు, బెజవాడ ఎస్.ఆర్.ఆర్.లో కాలేజీ చదువు. విశ్వనాథ వారి శిష్యుడు. ఆ తర్వాత ఆంధ్ర లయోలా కాలేజీలో తెలుగు లెక్చరరుగా దాదాపు నలభై ఏళ్లు. జెస్యూట్ ఫాదర్లు నడిపే కాలేజీ అది, 1954లో తరగతులు మొదలయ్యాయి. ఆ ఆవరణలో చెట్ల కింద ఎంతమంది చదివి వెళ్లారో. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు కూడా అక్కడ చదివినవారే. సుబ్బరామయ్య గారు 1996 డిసెంబరులో రిటైరయ్యారు.

గురువుగారిది గ్రాంథికపు ఠీవి. శిష్యుడిది గొంతు పెంచని వాక్యం. గురువు రాజవంశాల మీద నవలలు రాస్తే, శిష్యుడు అద్దె గదుల్లో, ఇరుకు సందుల్లో, పూట గడవని ఇళ్లలో ఉండేవాళ్ల మీద కథలు రాశారు. గురువుకు వెయ్యి పేజీలు కావాలి, శిష్యుడికి పది పేజీలు చాలు. 'ఇంగువ' అని ఒక కథ ఉంది. ఇంగువ ఎక్కణ్నుంచి వస్తుంది, చెట్టుకు కాస్తుందా, ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు అని ఒక మామూలు మనిషికి సందేహం. ఎవర్ని అడిగినా సరైన జవాబు రాదు. ప్రపంచంలో అంతకంటే పెద్ద ప్రశ్నలు లేవా అంటారు. ఆ ప్రశ్నతోనే బతుకు గడిచిపోతుంది. చదివి నవ్వుతాం, పుస్తకం మూశాక నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే మనందరికీ అలాంటి చిన్న ప్రశ్న ఒకటి ఉంటుంది, అడిగితే నవ్వుతారని అడగకుండా దాచుకున్నది. 'నీళ్లు' అని మరో కథ ఉంది. నీటి కరువు తెలిసిన మెట్ట సీమ కుర్రాడు బెజవాడ వస్తే ఇక్కడి నీళ్లు అతనికి ఎలా కనిపిస్తాయో చెప్పే కథ. కృష్ణ ఒడ్డున పుట్టినవాడు ఆ కథ రాయలేడు. ఒంగోలు బడిలో చదివి వచ్చినవాడే రాయగలడు.

క్లాసులో ఎదురుగా కూర్చున్న కుర్రాళ్ల ముఖాలు చదవడం వల్లే ఆ కథలు అలా వచ్చాయని నా నమ్మకం. ఫీజు కట్టలేనివాడు ఎవడు, పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాడు ఎవడు అన్నది పంతులుకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది. విశ్వనాథ వారి నవలల అంచున ఉన్నవాళ్లు సుబ్బరామయ్య గారి కథల్లో నడిమధ్యకు వచ్చి కూర్చున్నారు. 2012లో ఆయన కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గురువుకు వచ్చిన యాభై ఏళ్లకు.

నా లెక్కలో విశ్వనాథ వారి మాస్టారీకానికి అసలు సర్టిఫికెట్ ఇదే. తనలాగే రాసే శిష్యుల్ని తయారుచేసే గురువులు బోలెడుమంది. వాళ్ల శిష్యులు గురువుగారి గొంతుతోనే మాట్లాడి, గురువుగారితోనే పోతారు. చెళ్లపిళ్ల వారి అవధానం బెంచీ నుంచి నవలలు రాసే విశ్వనాథ వచ్చాడు. విశ్వనాథ వారి బెంచీ నుంచి ఒక సినిమా నటుడు, ఒక బీదవాళ్ల కథకుడు, పడవలరేవులో శుభలేఖలు దిద్దే ఒక పంతులుగారు వచ్చారు. ఒకరికొకరు పోలిక లేదు. ఎవరికి తగ్గది వాళ్లు పట్టుకెళ్లారు.

విశ్వనాథ వారు 1976 అక్టోబరు 18న పోయారు. సుబ్బరామయ్య గారు 2018 మే 18న పోయారు. మా మాస్టారు కూడా కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆయన పోయిన రోజు ప్రెస్సులు రెండు మూశారు, పెళ్లివారు ఒకరు శుభలేఖల అచ్చు రెండు రోజులు వాయిదా వేసుకున్నారు. పాడె మోసినవాళ్లలో ఆటో నడిపేవాడు ఉన్నాడు, రైల్వేలో గార్డు ఉన్నాడు, ఇంజనీరు ఉన్నాడు. అందరికీ ఆయన చేత ఒక్కసారైనా ఒత్తు తప్పుకు మొట్టికాయ పడింది. కొడుకు హైదరాబాదులో స్థిరపడ్డాడు, కూతుళ్లు ఇద్దరూ టీచర్లే. అరుగు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పులో పోయింది.

ఇప్పుడు మీతో ఒక మనవి. విశ్వనాథ వారు మాచవరం కాలేజీ వదిలింది 1959లో. ఆ క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చున్న కుర్రాడికి కూడా ఇవాళ ఎనభై దాటాయి. వాళ్లలో కొందరు విజయవాడలో, గుడివాడలో, బందరులో, ఉయ్యూరులో ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో తాతగారు ఎస్.ఆర్.ఆర్.లో చదివారేమో అడగండి. చదివితే, విశ్వనాథ వారు పద్యం ఎలా చదివేవారో ఒక్కసారి చదివి చూపించమనండి. మీ చేతిలో ఫోను ఎలాగూ ఉంది, ఆ పది నిమిషాలూ రికార్డు చెయ్యండి. లయోలాలో సుబ్బరామయ్య గారి దగ్గర చదివినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, మీరే చెప్పుకోండి మీ మాటల్లో. పాత నోట్సులు, మాస్టార్లు ఎర్ర సిరాతో దిద్దిన కాగితాలు దొరికితే తూకానికి వెయ్యకండి. గవర్నరుపేటలో ఠాగూరు గ్రంథాలయం ఉంది, రామమోహన గ్రంథాలయం ఉంది, మీ పాత కాలేజీల లైబ్రరీలున్నాయి. వెళ్లి అడిగి ఇవ్వండి. ఇవాళే అడగండి, వచ్చే సంక్రాంతికి అనుకోకండి.